నోటి కొలత, పుస్తకం కొలత

మా సంస్థలో ప్రేరణ పొందాలంటే ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. ఫారం నంబరు ఏడు, మూడు ప్రతులు. ఈ మాట వినగానే కొత్తగా వచ్చిన కళాకారులు నవ్వుతారు. నవ్వడానికి ఫారం అక్కర్లేదు కాబట్టి నేనేమీ అనను.

సంస్థ పేరు దృశ్యకళా వికాస కేంద్రం, ఉండేది కాకినాడలో. నేను అందులో సూపరింటెండెంటుని, పేరు భైరవమూర్తి, సర్వీసు ఇరవై ఆరేళ్లు. మొన్న మొన్నటి దాకా మేం బొమ్మల పోటీలు పెట్టుకుని, గెలిచినవాళ్లకి శాలువాలు కప్పి, సాయంత్రం ఐదింటికి ఇళ్లకి పోయి సుఖంగా బతికేవాళ్లం. రెండేళ్ల కిందట పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కాలంతో పాటు నడవాలట, ఏటా ఒక వీడియో కళాఖండం తయారు చేయించాలట. మొదటి ఏడాది ఒకాయన నలభై నిమిషాల సేపు సీలింగు ఫ్యాను తిరగడం చూపించాడు. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాయన ముందు వరసలో కమ్మగా నిద్రపోయి, లేచి, కళ్లు తుడుచుకుని, "ఇంతకీ దీనికి ఆధారం ఏమిటయ్యా?" అని అడిగాడు. ఫ్యాను మా ఆఫీసుదే, కానీ అది ఆధారం కిందికి రాదు.

మా డైరెక్టరు డాక్టర్ గుణాకరరావు గారు ఆ అవమానాన్ని మర్చిపోలేదు. మర్నాడే ఒక ఉత్తర్వు జారీ చేశారు. "ఆధారరహిత కళకు ఆదరణ లేదు. ఇకపై ప్రతి వీడియో కళాఖండమును ఒక వ్యక్తి జీవితము నుండియు, ఆ వ్యక్తి స్వహస్తముతో వ్రాసిన డైరీల నుండియు మాత్రమే ప్రేరణ పొంది నిర్మించవలెను. ప్రేరణ ఏ పేజీలో కలిగెనో ఆ పేజీ నంబరు విధిగా పేర్కొనవలెను." ఆయన మామూలుగా మాట్లాడినా ఇలాగే ఉంటుంది. కాఫీ కూడా "తెప్పించబడునా" అని అడుగుతారు.

ఈ ఉత్తర్వు వచ్చాక మొదటి దరఖాస్తు తన్మయి అనే అమ్మాయిది. ముప్పై ఏళ్లుంటాయి, జుట్టు ఒక పక్కే కత్తిరించుకుంది, రెండో పక్క ఎందుకు వదిలేసిందో అడగడం బాగోదని ఊరుకున్నాను. ఫారంలో, 'ఒక ఫ్యాషన్ డిజైనర్ జీవితమూ డైరీలూ ప్రేరణగా వీడియో' అని రాసింది.

"ఎవరమ్మా ఆ డిజైనరు?"

"మంగతాయారు గారు సార్. జగన్నాథపురంలో ఉంటారు."

మంగతాయారు గారు నాకు తెలియకపోవడమేమిటి, మా ఆవిడ జాకెట్లన్నీ అక్కడే కుట్టిస్తుంది. "ఆవిడ లేడీస్ టైలరు కదమ్మా" అన్నాను.

"అలా పిలిచి మనం ఆవిడకి చేసిన అన్యాయం చాలు సార్. నలభై నాలుగేళ్లుగా ఈ ఊరి ఆడవాళ్లు వీధిలో ఎలా కనిపించాలో ఆవిడ నిర్ణయించారు. పైగా డైరీలు ఉన్నాయి, ముప్పై ఒకటి."

డైరీలంటే కొలతల పుస్తకాలు. ప్రతి పేజీలో తేదీ ఉంది, చేతిరాత ఉంది. తేదీ ఉన్నదంతా డైరీయేనని మా నిబంధన. అంచేత నేనే స్వయంగా ఫారం పట్టుకుని ఆవిడ సంతకం కోసం వెళ్లాను.

మంగతాయారు గారికి అరవై ఎనిమిదేళ్లు. మెడలో టేపు, చెవి మీద పెన్సిలు, ముక్కు చివర కళ్లజోడు. ఫారం అంతా జాగ్రత్తగా చదివి ఒకచోట ఆగింది.

"ఈ గడి ఏంటి బాబూ?"

"మీ జీవితం పూర్తయిందా లేదా అని అడుగుతున్నారండి. అవును, కాదు, రెండిట్లో ఒకటి కొట్టెయ్యాలి."

ఆవిడ మిషను పక్కనున్న బట్టలు లెక్కపెట్టింది. "ఆరు జాకెట్లు, ఒక లంగా మిగిలున్నాయండి" అంది.

నేను 'పురోగతిలో ఉన్నది' అని రాసుకున్నాను.

పుస్తకాలు అప్పగించేముందు ఆవిడ నన్ను కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పింది. "వెనక అట్టల మీద నేను గీసుకున్న మెడల డిజైన్లున్నాయి, పూల కుట్లున్నాయి. అవి ఎంత పెద్దగా చూపించుకున్నా నాకు సంతోషమేనండి. కొలతల పేజీలు మాత్రం చూపించకూడదు. అందులోనూ మూల మడిచినవి పన్నెండున్నాయి, అవైతే నా చెల్లెలిక్కూడా చూపించలేదు. ఒకావిడ ఉంది. బళ్లో పాఠాలు చెబుతుంది. మూడేళ్ల కిందట ఆపరేషన్ చేసి ఎడమవైపు తీసేశారు. ఇంట్లో వాళ్లకి తప్ప ఎవరికీ తెలీదు. ఏ మోతాదులో దూది పెడితే పక్కనున్నవాళ్లకి తేడా తెలీదో నాకు నాలుగు జాకెట్లు పాడు చేశాక గాని దొరకలేదు. అదంతా పేరుతో సహా రాసుకున్నాను, ఇరవై తొమ్మిదో పుస్తకంలో. ఆవిడ ఆ జాకెట్టు వేసుకునే రోజూ పిల్లల ముందు నిలబడుతోంది. అర్థమైంది కదా?"

"నాదీ పూచీ అండి" అన్నాను. గుండె మీద చెయ్యి వేసుకుని మరీ అన్నాను.

ఆఫీసుకి వచ్చి చూస్తే ఫారంలో షరతులకి గడి లేదు. అంచున పెన్సిలుతో రాశాను. పెన్నుతో రాస్తే అది షరతు అవుతుంది, షరతుకి వేరే ఫైలు తెరవాలి.

మూడు నెలలకి తన్మయి వీడియో పట్టుకొచ్చింది. పరిశీలక సంఘంలో పన్నెండుగురం. డైరెక్టరు గారు అధ్యక్షులు, నేను కన్వీనరు, మధ్యలో వివిధ శాఖల పెద్దలు. వాళ్లలో తూనికలు కొలతల శాఖ నుంచి వచ్చిన వరదరాజులు గారు ముఖ్యులు. డైరీల్లో కొలతలున్నాయి కాబట్టి ఆయన్ని ప్రత్యేకంగా పిలిపించాం.

వీడియో పదకొండు నిమిషాలు. ఒక ముసలి చెయ్యి, టేపు, మిషను సూది కింద కదులుతున్న గుడ్డ. గొంతు వినిపిస్తూ ఉంటుంది: "చెయ్యెత్తమ్మా... ఊపిరి బిగబట్టకు... ముప్పై నాలుగు." వెనకాల పుస్తకంలో అంకెలు పొగమంచులో ఉన్నట్టు చెదిరిపోయి కనిపిస్తాయి. నిజం చెప్పొద్దూ, నాకు నచ్చింది. నచ్చడం కన్వీనరు విధుల్లో లేదు కాబట్టి బయటికి చెప్పలేదు.

డైరెక్టరు గారు గొంతు సవరించుకున్నారు. "ఈ అస్పష్టత ఉద్దేశపూర్వకమా, కెమెరా లోపమా?"

"ఉద్దేశపూర్వకమే సార్. ఒకరి శరీరం ఇంకొకరికి పూర్తిగా తెలియకూడదు అనేదే నా ఆలోచన."

"తెలియనిది తెలియజేయుటకే సంస్థ ఉన్నది. ఆధారము ప్రజలకు అగుపడవలెను. ప్రతి పేజీ, ప్రతి అంకె, పేరు, వీధి సహితముగా, నలభై అడుగుల గోడపై, చివరి వరుసలో కూర్చున్న వృద్ధుడు సైతము చదువుకొనగలిగినట్లు చూపవలెను."

"అవి ఎవరెవరో ఆడవాళ్ల కొలతలు సార్. కనీసం పేర్లన్నా తీసేద్దాం."

"పేరు లేని కొలత గాలికి తీసిన కొలత" అన్నారు డైరెక్టరు గారు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. అంచున పెన్సిలుతో రాసిన ముక్క గుర్తుకొచ్చి ఫైలు మూసేశాను.

అంతలో వరదరాజులు గారు, "ఆగండి, ఒకసారి వెనక్కి తిప్పండి" అన్నారు. తిప్పారు. "గొంతు ముప్పై నాలుగంటోంది. చెయ్యి ముప్పై ఎనిమిది రాస్తోంది. పొగమంచులోనైనా ఎనిమిది ఎనిమిదే. ఇందులో ఏది నిజం?"

మర్నాడు మంగతాయారు గారికి హాజరు కమ్మని నోటీసు వెళ్లింది.

ఆవిడ ఉతికిన నేతచీర కట్టుకుని వచ్చింది. పన్నెండుగురం ఒక పక్క, ఆవిడ ఒక్కతీ ఒక పక్క, రెండు గంటలు కూర్చున్నాం. ప్రశ్న విని ఆవిడ ఆశ్చర్యపోయింది, ఇంత చదువుకున్నవాళ్లకి ఈ మాత్రం తెలీదా అన్నట్టు.

"నోటితో చెప్పేది ఆవిడ కోసమండి. పుస్తకంలో రాసుకునేది జాకెట్టు కోసం. మనసూ నొచ్చుకోకూడదు, చంకలోనూ పట్టెయ్యకూడదు కదా. టైలర్లందరం అంతేనండి."

"అనగా నలభై నాలుగు సంవత్సరములుగా రెండు సత్యములు నడుచుచున్నవి" అన్నారు డైరెక్టరు గారు. "సంస్థ ఒక్క సత్యమునే ఆమోదించగలదు."

వరదరాజులు గారు టేపు అడిగి తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పి, వెలుతురులో పెట్టి చూశారు. "దీని మీద ప్రభుత్వ ముద్ర ఏది? మొదటి అంగుళం ఏది?"

"అరిగిపోయిందండి. రెండో అంగుళం దగ్గర మొదలెట్టి, ఒకటి తీసేసి రాసుకుంటాను."

"తీసేశారనడానికి రుజువు?"

"జాకెట్లు సరిపోయాయండి."

"అది రుజువు కాదమ్మా, సంతృప్తి" అన్నారు వరదరాజులు గారు. ఆ మాటని మినిట్స్‌లో రాయమన్నారు, రాశాను.

మంగతాయారు గారు ఆ తర్వాత కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, మమ్మల్ని ఒకళ్ల తర్వాత ఒకళ్లని చూస్తూ కూర్చుంది. గౌరవంతో చూస్తోందనుకున్నాం.

ఆ సాయంత్రం సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది: పుస్తకాల్లో పేరున్న మహిళలందరినీ పిలిపించి, ముద్ర ఉన్న టేపుతో తిరిగి కొలిపించి, సరైన కొలతను ధ్రువీకరించవలెను. నోటీసుల ముసాయిదా కూడా నేనే రాశాను. అయితే ఆ తీర్మానం మర్నాడు ఉదయం పదకొండింటికల్లా ఏకగ్రీవంగానే రద్దయిపోయింది. కారణం మినిట్స్‌లో లేదు. సభ్యులందరూ సంసారులే అని మాత్రం మనవి చేస్తున్నాను. నా మటుకు నాకు ఆ పొద్దున్న ఉప్మా పెట్టలేదు.

దాని బదులు ఇంకో తీర్మానం వచ్చింది. డైరీకర్త స్వయంగా ఆఫీసుకి వచ్చి, ప్రతి పేజీ కిందా 'పై కొలత సత్యము' అని రాసి సంతకం చెయ్యాలి. తర్వాత సభ్యులు విడివిడిగా, హోదా క్రమంలో, పుస్తకాలను పరిశీలించి సంతకాలు పెట్టాలి. ఆ తర్వాతే పేజీలను ఫోటోలు తీసి గోడ మీద వెయ్యాలి.

ఈ కబురు చెప్పడానికి నేనే వెళ్లాను. ఆవిడ వింటూ వింటూ దారం తెంపి, నా మొహంలోకి చూసింది.

"పూచీ అన్నారు కదా బాబూ."

"అన్నానండి."

"పోనీ, ఆ టీచరమ్మ పేజీ ఒక్కటీ చింపి ఇచ్చెయ్యండి. మిగతా వాటికి నేను ఏదో ఒకటి చేసుకుంటాను."

"రికార్డు చింపడం నేరమండి. సస్పెండ్ చేస్తారు."

"మాట తప్పితే?"

"దానికి రూలు లేదండి" అన్నాను. అనేశాక నాకే సిగ్గేసింది. ఆవిడ ఎప్పుడు రావాలో అడిగి మిషను తొక్కుకుంది.

సంతకాలకి రెండు రోజులు పట్టింది. మా హాల్లో డైరెక్టరు గారి గది అద్దాల గోడకి ఎదురుగా బల్ల వేయించాను. కాపలాకి నేను పక్కన కూర్చున్నాను. ఆవిడ పేజీ తిప్పడం, 'పై కొలత సత్యము' అని రాయడం, సంతకం పెట్టడం. మూల మడిచిన పేజీ వచ్చినప్పుడు మాత్రం ఆగి, అద్దంలోంచి లోపలికి చూసి, లేదా అటుగా పోతున్న ఏ సభ్యుడినో తేరిపార చూసి, నాలుగైదు వరసలు ఎక్కువ రాసేది.

"ఏంటండీ అది?" అన్నాను మొదటిసారి.

"కొలతలే బాబూ. కొలతల పుస్తకంలో ఇంకేం రాస్తాం?"

తొంగి చూశాను. ఒక పెద్దావిడ కొలతల కింద, లావుపాటి ఎర్ర పెన్సిలుతో ఇలా ఉంది: 'డైరెక్టరు గారు. భుజం: నోటితో పందొమ్మిది, పుస్తకంలో పదహారు. కోటుకి రెండు పక్కలా దూది దండిగా పెట్టాలి. బొత్తాలు గట్టివి కుట్టాలి, పొగిడినప్పుడు ఉబ్బుతారు.'

ఇంకో పుస్తకంలో వరదరాజులు గారున్నారు. 'మెడ: నోటితో పదహారు, పుస్తకంలో పద్నాలుగు. పెద్దవాళ్ల ముందు పద్నాలుగు కూడా ఉండదు. కాలరు వదులుగా పెట్టాలి.' టేపు పెట్టకుండా, ఒంటి మీద చెయ్యి వెయ్యకుండా, బల్లకి అవతల రెండు గంటలు కూర్చుని చూసిన చూపుతో పన్నెండుగురినీ కొలిచేసింది మహాతల్లి. నేను ఆపాలి. రికార్డులో అదనపు రాతలు రాయకూడదని మాకు స్పష్టమైన నిబంధన ఉంది. కిటికీలోంచి బయట ఎండ ఎంతుందో చూస్తూ కూర్చున్నాను.

పరిశీలన గురువారం మొదలైంది. పుస్తకాలు డైరెక్టరు గారి గదిలో పెట్టి, ఒక్కొక్కరికి అరగంట, తలుపు వేసి, అద్దాలకి తెర లాగి. మూల మడిచి ఉన్న కాగితాన్ని తెరవకుండా ఉండగలిగిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. మొదట డైరెక్టరు గారు వెళ్లారు. పది నిమిషాలు గదిలోంచి చప్పుడు లేదు. ఆ తర్వాత కాగితం చిరిగిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత, నమ్మండి నమ్మకపోండి, ఆయన నవ్వు. ఇరవై ఆరేళ్లలో ఆయన నవ్వగా వినడం అదే మొదలు. కోటు జేబు తడుముకుంటూ బయటికొచ్చి, రిజిస్టరులో 'పేజీల సంఖ్య సరిపోయినది' అని రాసి సంతకం పెట్టారు. పోతూ పోతూ వరదరాజులు గారి మెడకేసి చూసి మళ్లీ నవ్వారు.

తర్వాత వరదరాజులు గారు వెళ్లారు. నిశ్శబ్దం, చిరిగిన చప్పుడు, నవ్వు, జేబు, సంతకం. ఆయన తర్వాత మూడో ఆయన, నాలుగో ఆయన, అందరిదీ అదే వరస. హోదా క్రమంలో వెళ్లారు కాబట్టి, పైవాళ్లకి కిందివాళ్ల కొలతలన్నీ తెలిశాయి, కిందివాళ్లకి పైవాళ్లవి తెలియలేదు. మా ఆఫీసులో మామూలుగా జరిగేదీ అదే. ఆ పేజీల్లో పైన ఉన్న ఆడవాళ్ల మాట ఒక్కరైనా చదివారని నేననుకోను. ఎర్ర పెన్సిలుతో తన పేరో, తోటి సభ్యుడి పేరో ఉన్న కాగితంలో మనిషికి వేరే పేరు కనపడదు.

శుక్రవారం మధ్యాహ్నానికి పదకొండు సంతకాలయ్యాయి. 'పేజీల సంఖ్య సరిపోయినది' అని పదకొండుసార్లు ఉంది, పదకొండు పేజీలు లేవు. ఎవరి కాగితం వాళ్లు రికార్డులోంచి చింపి జేబులో వేసుకుని పోయారు. ఒక్కరికీ సస్పెన్షన్ గుర్తు రాలేదు.

చివరి వంతు కన్వీనరుది. లోపలికెళ్లి తలుపు వేసుకున్నాను. మూల మడిచిన పేజీ ఇంక ఒక్కటే మిగిలి ఉంది, ఇరవై తొమ్మిదో పుస్తకంలో. ఆ టీచరమ్మ పేజీ. పైన ఆవిడ పేరు, వీధి, బడి పేరు. దూది ఎంత, ఏ వైపు, లోపలి గుడ్డ ఏది, ఏ కుట్టు ఎక్కడ. చివర చిన్న అక్షరాలతో, 'బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే జరగకూడదు' అని ఉంది. మిగతా పదకొండు పేజీలకీ దిక్కు చూపించి, అసలైన ఈ పేజీని ఆవిడ నా వంతుకి ఉంచింది.

కింద ఎర్ర పెన్సిలుతో నా పేరు. 'భైరవమూర్తి గారు. వీపు: నోటితో పదిహేడున్నర. పుస్తకంలో:' అని రాసి, అంకె వెయ్యలేదు. ఆ ఖాళీ పక్కన, 'వంగి కూర్చున్నారు. నిటారుగా నిలబడ్డప్పుడు తియ్యాలి' అని ఉంది.

మిగతావాళ్లందరూ తమ కోసం చింపుకున్నారు, వాళ్లని అడిగే దిక్కు లేదు. నేను చింపితే మొదట అడిగేది నన్నే, రిజిస్టరు నా చేతిలో ఉంటుంది కాబట్టి. ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది. భయం వేసింది, దాచుకోవడం దేనికి. కాని గుండె మీద చెయ్యి వేసుకుని అన్న మాట కూడా నాదే.

పేజీ చింపాను. బయటికొచ్చి రిజిస్టరు తీశాను. 'పేజీల సంఖ్య సరిపోయినది' అని రాయలేదు. 'పన్నెండు పేజీలు తక్కువ. పన్నెండవది నేను చింపితిని' అని పెన్నుతో రాసి, సంతకం పెట్టి, తేదీ వేశాను.

తర్వాత ఏమైందంటే, ఏమీ కాలేదు. పన్నెండవది నేనైతే మొదటి పదకొండూ ఎవరని అడగాల్సి వస్తుందని ఆ రిజిస్టరుని డైరెక్టరు గారు సొంత బీరువాలో పెట్టి తాళం వేశారు. పన్నెండు పేజీల తేడా ఎందుకొచ్చిందని విచారణ జరిగేదాకా కొలతల పేజీలు చూపించడం ఆపాలని, అంతవరకు వెనక అట్టల మీది డిజైన్లు మాత్రమే వాడాలని ఉత్తర్వు వచ్చింది. విచారణ సంఘంలో ఆ పదకొండుగురే ఉన్నారు, కాబట్టి అది నా జీవితకాలంలో తేలదు. గోడ మీద మెడల డిజైన్లు, పూల కుట్లు నలభై అడుగుల ఎత్తున వికసించాయి. తన్మయి తన పొగమంచు తిరిగి తెచ్చుకుంది. డైరెక్టరు గారు కొత్త కోటు వేసుకొచ్చి, "అస్పష్టతయే కళకు ప్రాణము" అని అరగంట ప్రసంగించారు. ఆ కోటు భుజాలకేసి ఎవరూ చూడలేదు, నేను తప్ప.

నేను చెప్పదలుచుకున్నది అది కాదు. ఆ శుక్రవారం మధ్యాహ్నం సంగతి.

పేజీ చొక్కా జేబులో పెట్టుకుని, మూడింటికి, ఎండలో జగన్నాథపురం నడిచి వెళ్లాను. కొట్లో మంగతాయారు గారు కాజాలు కుడుతోంది. నేను పేజీ తీసి ఇచ్చాను. ఆవిడ విప్పి చూసి, మళ్లీ నాలుగు మడతలు పెట్టి, మిషను సొరుగులో వేసి తాళం తిప్పింది. మూల బెంచీ మీద ఎవరో ఆవిడ ఒళ్లో జవాబు కాగితాల కట్ట పెట్టుకుని దిద్దుకుంటోంది. "నాది అయిందా తాయారు గారూ?" అని అడిగింది.

"అయిందమ్మా, ఇప్పుడే అయింది" అంది తాయారు గారు.

నేను మళ్లీ అటు తిరిగి చూడలేదు. ఇన్నేళ్ల సర్వీసులో చెయ్యవలసిన పరిశీలన చెయ్యకుండా వదిలేసింది అదొక్కటే. వస్తానండి అని వెనక్కి తిరగబోయాను.

"ఆగండి బాబూ. ఇటు తిరిగి నిలబడండి" అంది ఆవిడ.

నిలబడ్డాను. ముద్ర లేని, మొదటి అంగుళం లేని ఆ టేపు ఈ భుజం నుంచి ఆ భుజం దాకా వీపు మీద పాకింది. ఊపిరి బిగబట్టబోతే, "బిగబట్టకండి" అంది.

"పదిహేడున్నర" అంది పైకి. ముప్పై రెండో పుస్తకం కొత్తది తెరిచి, చెవి మీది పెన్సిలు తీసి, ఏదో అంకె రాసుకుంది. పుస్తకం నావైపు తిప్పలేదు. నేనూ అడగలేదు.